రాని రెండో వీరుడు

మొన్న మెట్‌పల్లిలో మా ఇంట్లో నా కూతురి పిల్లలిద్దరూ ఫోన్‌లో ఏదో మాయాలోకపు సీరియల్ చూసి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అందులో పగబట్టిన రెండు తెగలున్నాయట, ఇద్దరు వీరులున్నారట. ఒకడు రెక్కల పామును చంపి రెండు తెగల చేతా జేజేలు కొట్టించుకున్నాడు, ఇంకొకడు దేన్నీ చంపకుండా ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగి, మాట్లాడి, నమ్మకం సంపాదించుకున్నాడు. వీళ్లలో ఎవరు గొప్పో తీర్పు చెప్పమని పిల్లలు నా దగ్గరికి వచ్చారు. నాకు ఒళ్లు మండి, ఇద్దరూ దండగేనని కసిరి ఫోన్ లాక్కున్నాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఆ ప్రశ్నే నాకు గిట్టదు, ఎందుకు గిట్టదో నా ఈడువాళ్లకు, అందులోనూ పలకా బలపాల కాలంలో ఒక్క పంతులే ఉన్న బడుల్లో పనిచేసినవాళ్లకు చెప్పుకుంటేనే అర్థమవుతుంది.

నా మొదటి ఉద్యోగం ఇచ్చోడలో బస్సు దిగి, నల్లరేగడి బురదలో చెప్పులు చేతపట్టుకొని రెండు గంటలు నడిస్తే వచ్చే ఊళ్లో. పేరుకు ఒక ఊరే గాని తెలుగు మాట్లాడే వాడ ఒకటి, మరాఠీ మాట్లాడే వాడ ఒకటి, మధ్యలో బడి. వాగు దగ్గర పశువులను దాటించే తావు మీద ఎప్పుడో తలలు పగిలాయట, ఆ పగ పిల్లల దాకా వచ్చింది. బళ్లో చెరో గోడకు ఆనుకొని కూర్చునేవారు, తాగే నీళ్ల కుండలు కూడా వేరు. నేనేమో మరాఠీ ముక్క రానివాణ్ణి, నేర్చుకోవాలన్న బుద్ధి కూడా లేనివాణ్ణి. తెలుగు వాడలో ఒక పెద్దరైతు ఇంట్లో తిండి, ఆయన అరుగు మీద పడక.

మరాఠీ వాడ నుంచి నాలుగో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతే. తండ్రి లేడు, తల్లి పత్తి చేలల్లో కూలికి పోయేది. ఆ పిల్ల తెలుగు అక్షరం నా అక్షరం కంటే గుండ్రంగా ఉండేది. దాన్ని ఇచ్చోడ హాస్టల్లో చేర్పించి పై చదువు చదివించాలని నాకు పట్టుదల పుట్టి, ఆ తల్లిని ఒప్పించడానికి, ఆ పిల్ల చేతే నా మాటలు మరాఠీలో చెప్పిస్తూ, మూడు నెలలు వాళ్ల గుమ్మం చుట్టూ తిరిగాను. చివరికి ఆమె సరేనంది. ఆ ముక్క విన్న రోజు నా అంత మొనగాడు జిల్లాలో లేడనుకున్నాను.

ఆ ఊపులోనే, రెండు గోడల పిల్లలనూ కలుపుదామని సొంతంగా ఒక కథ అల్లాను. పగబట్టిన రెండు ఊళ్లు, ఇద్దరు వీరులు. మొదటివాడు పరాయి ఊరి బావిలో చేరిన విషనాగును చంపి వాళ్ల మెప్పు పొందుతాడు. రెండోవాడు ముందు తన ఊరికే పోయి, తప్పు మనదని తన వాళ్ల మొహం మీదే చెప్పి, వాళ్ల చేత తిట్లు తింటాడు, అది చూశాకే అవతలి ఊరు అతణ్ణి నమ్ముతుంది. వీడే గొప్పవాడని రుజువు చేయాలని నా ఎత్తు. మొదటి రోజు మొదటి వీరుడి కథ చెప్పాను. రొమ్ము చరుచుకొని, పరాయి ఊరి జనంతో వాడన్న మాటను మన భాషలో అభినయించాను: "మీ బాయిని నాకొదిలిపెట్టుండ్రి, నేను సూసుకుంట." రెండోవాణ్ణి రేపటికి దాచి గంట కొట్టించాను.

పుస్తకంలో బావి, మన నోట్లో బాయి. మరాఠీలో బాయి అంటే ఆడమనిషి. ఆ సంగతి నాకు తెలియదు. మన బాయి అంటే బావేనని ఆ పిల్లకు తెలుసు గాని, మరాఠీ వాడ ఒకటో తరగతి బుడతలకు తెలియదు కదా, వాళ్లు విన్నది విన్నట్టు ఇంటికి మోసుకుపోయారు. మూడు నెలలు ఒక విధవరాలి గుమ్మం చుట్టూ తిరిగిన పంతులు, మీ బాయిని నాకొదిలెయ్యండని పిల్లల ముందు రొమ్ము చరుచుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు? మర్నాడు బళ్లో ఒక గోడ ఖాళీ. గుమ్మంలో ఆ పిల్ల మేనమామ, వెనక ఓ పదిమంది. సంగతి అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది, అర్థం కాగానే పకపకా నవ్వాను. ఆ తర్వాత చేద, తాడు పట్టుకొని తోడుతున్నట్టు అభినయించి ఎంత వివరించినా ఎవరూ నవ్వలేదు. నమ్మారేమో కూడా, కానీ నా నవ్వును మాత్రం ఎవరూ క్షమించలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ మాట తెలుగు వాడ కుర్రకారుకు దొరికింది. ఆ తల్లి చేనుకు పోతుంటే దారి పొడవునా వెనక నుంచి అదే మాట, అదే కేక. అందరికంటే ముందు అరిచినవాడు నాకు అన్నం పెట్టే రైతు కొడుకు. నేను వాళ్ల అరుగు మీద, ముందు పళ్లెం పెట్టుకొని కూర్చుని ఉన్నాను. విన్నాను. ఇదేం పద్ధతిరా అని ఒక్క మాట అనడానికి నోరు రాక, తల వంచుకొని తిన్నాను. అదేం తిండో, నా బొంద.

ఆ తర్వాత మూడుసార్లు మరాఠీ వాడకు పోయి చేతులు జోడించాను. మూడోసారి మేనమామ నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"మాకు జెప్పుడు గాదు మాస్తర్, మీవోళ్లకు జెప్పు" అన్నాడు.

అంతే అడిగాడు. నేను చెప్పలేదు. కూడు పోతుందని, గూడు పోతుందని, తెలుగు వాడ కూడా పిల్లలను మానిపిస్తుందని నాకు నేను నూరు సాకులు చెప్పుకున్నాను. మిగతా పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు గాని ఆ పిల్ల రాలేదు, హాస్టల్లో చేరే గడువు దాటిపోయింది.

పత్తి ఏరే కాలంలో ఒక రోజు చేను గట్టు మీదుగా వస్తుంటే, నడుముకు బట్ట కట్టుకొని తల్లి పక్కన పత్తి ఏరుతూ కనిపించింది. తల్లి మొహం తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం గట్టు దాకా వచ్చింది. బడి మాట ఎత్తలేదు, హాస్టల్ మాట ఎత్తలేదు.

"సార్, గా రెండోవాడు ఏం జేసిండు?" అంది.

ఏం చేశాడో నాకు తెలుసు, నేను అల్లిన కథే కదా. ఆ పిల్ల కళ్లలోకి చూసి అది చెప్పే మొహం నాకు లేకపోయింది.

"రెండోవాడు రాలే బిడ్డా, కథ గంతే" అన్నాను.

ఆ పిల్ల వెనక్కి పోయి వంగి పత్తి ఏరుకుంది. మరో నెలకు నేను బదిలీ పెట్టుకొని ఆ ఊరు వదిలేశాను.

ఇప్పుడు ఆ ఊరికి తారురోడ్డు పడిందట. రెండు వాడల పిల్లలూ ఒకే ఆటోలో ఇచ్చోడ బడికి పోతారట, ఒకరి భాష ఒకరు ఇట్టే మాట్లాడతారట. బావులన్నీ పూడిపోయి బోర్లు వచ్చాయి, బాయి అన్న మాట అపార్థం చేసుకోవడానికైనా ఎవరి నోటా వినబడదు. అటు వెళ్లి వచ్చినవాళ్లు ఇవన్నీ చెబుతుంటే వింటాను. ఆ పిల్లకు ఇప్పుడు యాభై దగ్గర పడి ఉంటాయి. ఏమైందో వాళ్లను అడగడానికి ఈనాటికీ నాకు నోరు రాదు.