రూతమ్మ మేడం వేయించిన అడ్డసాళ్లు

నాగర్‌కర్నూల్‌లో నేను అద్దెకుంటున్న గది నిండా ఇప్పుడు సీతాఫలాల వాసన. మంచం కింద వరిగడ్డి పరిచి మాగేశాను. గట్టి కాయలు గోడ వైపు, కళ్ళు తెల్లబడినవి మధ్యలో, వేలితో నొక్కితే లొంగుతున్నవి గుమ్మం వైపు. ఈ వరుస తప్పితే ఆదివారానికి అన్నీ ఒకేసారి పండి బస్సులో గుజ్జయిపోతాయి. తలుపు తీయగానే తియ్యగా, కొంచెం పచ్చిగడ్డి కలిసినట్టుగా వచ్చే వాసనకు పక్క గదివాళ్ళు ఎవరి కోసమని అడుగుతున్నారు. మా మేడం కోసమని చెబుతున్నాను. ఏ మేడం అంటే మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను. అందుకే ఇది రాయడం.

రూతమ్మ మేడం నా మొదటి బాస్. నేను సివిల్ ఇంజినీరింగ్ ముగించి వచ్చేనాటికి ఆవిడ మా ఊరి దగ్గరి పట్నంలోనే, నేలా నీరూ కాపాడే పనులు చేసే ఒక చిన్న సంస్థను నడుపుతున్నారు. పొట్టిగా, నిండుగా ఉండే మనిషి. నూలు చీర కింద కాన్వాసు బూట్లు. భుజాన గుడ్డసంచి, అందులో నీళ్ళ సీసా, వేయించిన పల్లికాయలు. వలిచిన పొట్టు కూడా ఆ సంచిలోనే వేసుకునేవారు కాబట్టి ప్రతి కాయ కోసం పొట్టంతా దేవులాడాల్సి వచ్చేది. ఆ వెతుకులాట సాగినంతసేపూ మాట్లాడుతూనే ఉండేవారు. ఆవిడది పెద్దమందడి దగ్గర పల్లె. అమ్మానాన్నలు మట్టిపనికి వలసపోయే కూలీలు. మేస్త్రీ ఎక్కడికి తీసుకుపోతే అక్కడ, ఆనకట్టల కిందా కొండదారుల పక్కనా గుడిసెలు వేసుకుని బతికారు. అలా చిన్నప్పుడే ఆవిడ ఉత్తరాది మంచుకొండలను చూశారు. "మా అమ్మ తట్ట మోస్తుంటే నేను కొండను చూసుకుంట కూసునేదాన్ని. ఆడుకోనీకి బొమ్మలు లేవు గద," అని నవ్వేవారు. తర్వాత వనపర్తి హాస్టల్లో ఉండి చదువుకుని, చాలాకాలం భూగోళశాస్త్రం పాఠాలు చెప్పి, చివరికి మళ్ళీ మట్టి దగ్గరికే వచ్చారు.

ఉద్యోగానికి వెళ్ళిన రోజు నా సర్టిఫికెట్లు ఆవిడ చూడలేదు. వాకిట్లోకి తీసుకెళ్ళి, సంచిలోంచి సీసా తీసి, మూత మీద చెయ్యి పెట్టి ఆగారు. ఇక్కడ పోస్తే నీళ్ళు ఎటు పోతాయో చెప్పమన్నారు. వాకిలి చదునుగా ఉంది. కంటికి ఏ వాలూ తెలియలేదు. చూసి చెప్తాను మేడం, పోయండి అన్నాను. ఆవిడ పోశారు. నీళ్ళు కాసేపు తటపటాయించి, గేటు వైపు కాక వెనక్కి, మా కాళ్ళ సందుల్లోంచి వేపచెట్టు పాదులోకి వెళ్ళాయి. "శానమంది గేటు దిక్కు అంటరు. నువ్వు చూసినంక చెప్త అన్నవు. రేపటిసంది రా," అన్నారు. తర్వాత ఏ వాలు మీదికి వెళ్ళినా మొదట ఒక దోసెడు నీళ్ళు పోసి నిలబడి చూడడం ఆవిడ అలవాటని తెలిసింది. ఆ అలవాటు వల్ల మధ్యాహ్నానికల్లా తాగడానికి నీళ్ళుండేవి కావని కూడా తెలిసింది. నేను రెండు సీసాలు మోయడం మొదలుపెట్టాను.

కొత్తగా చేరినవాళ్ళను ఆవిడ ముందుగా నల్లమల ఎక్కించేవారు. మన్ననూరు ఘాట్ మలుపుల్లో జీపు ఆపించి ప్రతిచోటా దింపేవారు. దిగిన ప్రతిసారీ అవే మూడు ప్రశ్నలు: గాలి ఏం చేసింది, రాయి ఏం చేసింది, మనిషి ఏం చేసిండు. మూడింటికీ జవాబు దొరికితే ఏ కొండైనా అర్థమైనట్టేనని ఆవిడ నమ్మకం. కింద మైదానంలో చెమటలు కారుతుంటే పైకి వెళ్ళేకొద్దీ చొక్కా ఆరిపోయేది. ఏటవాలు మీద మట్టి నిలవక చెట్లు గిడసబారి, రాతి పగుళ్ళలో వేళ్ళు దూర్చుకుని ఉండేవి. పైన అమ్రాబాద్ పీఠభూమి మీద నేల విప్పారగానే మళ్ళీ చేలు, పశువులు, ఇళ్ళు. మలుపు మలుపుకూ మారే ఆకును నేను నోటుబుక్కులో గళ్ళు గీసి నింపుకుంటుంటే ఆవిడ తొంగిచూసి, "నీ కొండకు గీతలెక్కువ, గాలి తక్కువ ఉన్నది," అని వెక్కిరించారు. కానీ మరుసటి బృందానికి ఆ గళ్ళ కాగితాన్నే నకళ్ళు తీయించి పంచిపెట్టారు.

మన పాలమూరు ఇంత పొడిగా ఎందుకుంటుందని ఆ రోజు ఎవరో అడిగారు. పడమటి కనుమలు అవతల కర్ణాటకలో ఉన్నా వాటి నీడ మన మీదే పడుతుందని ఆవిడ చెప్పారు. మేఘాలు సముద్రం మీంచి వచ్చి ఆ కొండలెక్కేటప్పుడు చల్లబడి అక్కడే కురిసేస్తాయి. ఇటు దిగేసరికి వాటిలో తడి అంతగా మిగలదు. "పెండ్లికి ఆఖరు బంతిల కూసున్నోళ్ళం మనం. వడ్డించినకాడికి తినాలె. గా వచ్చినదాన్ని గూడ గుట్ట మీదికెంచి జారనిస్తే ఇంగ ఎవరిని ఏమంటం," అన్నారు. నాకు అప్పుడు మా చేను గుర్తొచ్చింది. ఆవిడతో ఆ మాట చెప్పాను.

తెలకపల్లి మండలంలో మా ఊరి గుట్టవాలు మీద మా చేను. తాత పోయాక పెద్దమనుషులు దాన్ని మా నాన్నకూ పెదనాన్నకూ పంచారు. పైన రాయి, నడుమ గులకరాళ్ళు కలిసిన ఎర్ర మొరం, కింద మంచి మట్టి. పైదంతా ఒకరికి, కిందదంతా ఇంకొకరికి ఇస్తే అన్యాయమని, గుట్ట మొదలు నుంచి కింది వాగు దాకా తాడు పట్టి నిలువుగా రెండు చెక్కలు చేశారు. మా వైపు ఏ గుట్టచేను పంచినా ఇట్లాగే పంచుతారు; అన్నింట్లోనూ ఇద్దరికీ భాగం వస్తుంది. అయితే అలా సన్నగా, పొడుగ్గా మిగిలిన చెక్కలో నాగలి అడ్డంగా తిరగడానికి చోటుండదు. ఇద్దరూ పైనుంచి కిందికి దున్నారు. వాన పడ్డప్పుడల్లా సాళ్లే కాలువలయ్యాయి. హద్దు వెంట చిన్న గండి పడి, ఏటేటా రెండు వైపులా తిని వెడల్పయింది. నీళ్ళు నా మీదికి మళ్ళించావంటే నువ్వే మళ్ళించావని అన్నదమ్ములు మాటలు మానేశారు. పైన సగం చేను ఉత్త మొరం తేలింది. ఆ మొరం కోసమే ఒక కాంట్రాక్టరు వచ్చాడు. రోడ్డు పనికి జేసీబీతో తవ్వుకుపోతానని, మృగశిర కార్తె లోపల మాట చెప్పమని అన్నాడు. ఇన్నేళ్ళలో ఒకరితో ఒకరు మాట్లాడకుండానే మా నాన్నా పెదనాన్నా ఒప్పుకున్నది ఆ ఒక్క విషయానికే. తవ్వితే ఇంక చేను ఉండదు, గొయ్యి ఉంటుంది. తాత దున్నిన నేల అది. నాకు నిద్ర పట్టలేదు.

మేడం ఆ వేసవిలో మా గుట్ట ఎక్కారు. నాన్న తన చెక్కలో, పెదనాన్న తన చెక్కలో, మధ్యలో గండి. ఇద్దరూ ఆవిడనే చూస్తున్నారు, ఒకరినొకరు చూడకుండా. ఆవిడ అలవాటుగా నీళ్ళు పోశారు. సాలు పట్టుకుని నీళ్ళు తిన్నగా కిందికి ఉరికాయి. ఆవిడ వాటి వెంట నాలుగడుగులు దిగి చూశారు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి పల్లికాయ వెతుక్కుంటూ అన్నారు. "గాలి తప్పు లేదు. రాయి తప్పు లేదు. మనుషులు గూడ తప్పు చెయ్యలె, న్యాయమే చేసిండ్రు. నీళ్ళకు ఆ న్యాయం తెల్వదు, గంతే."

అడ్డంగా దున్నాలని చెప్పారు. తాను చిన్నప్పుడు చూసిన కొండల్లో నిలువుగా దున్నితే నాగలితోపాటు మనిషి కూడా లోయలో పడతాడని, అందుకే వాళ్ళు మెట్లు మెట్లుగా అడ్డంగానే సాగు చేస్తారని చెప్పారు. నాన్నకు అర్థమైంది, కానీ మింగుడుపడలేదు. అడ్డంగా దున్నితే సాలు రెండు చెక్కల మీదుగా పోవాలి. "హద్దు చెరిగిపోతది మేడం. రేపు ఎవరిది ఏందో ఎవలు చెప్తరు?" అన్నాడు. పెదనాన్న గండి అవతలి నుంచి, ఎవరికీ చెప్పనట్టుగా, అదే నా మాట కూడా అన్నాడు. మేడం ముఖం వెలిగింది. ఇద్దరి భయమూ ఒకటే అయితే పని సగం అయిపోయినట్టేనని తర్వాత నాతో అన్నారు.

"హద్దు కనవడాలె, నాగలికి అడ్డం రావొద్దు. గంతే గద పెద్దయ్యా? హద్దు పొడుగునా ఎడం ఎడంగ సీతాఫలం మొక్కలు పెడదం. మేక గూడ ముట్టదు దాన్ని. చెట్టుకూ చెట్టుకూ నడుమ నుంచి సాలు పోతది."

"కాయలు ఎవరియి?" అని నాన్న వెంటనే అడిగాడు.

"కాసినంక కొట్లాడుకోండ్రి. అప్పటిదాంక టైముంది."

ఒక్క పంట చూసి, అప్పటికీ వద్దనిపిస్తే కాంట్రాక్టరును పిలుచుకోమన్నారు. గండిలో అడ్డంగా రాళ్ళు పేర్చి పైన మట్టితో నింపాక, సమమట్టపు గీతలు వేయడం నా పని. తాపీమేస్త్రీలు వాడే సన్నటి నీళ్ళ పైపు తెచ్చాను. రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తున నిలిస్తే ఆ రెండు చోట్లూ సమం. నేను మధ్యలో గుర్తులు పెట్టాలి కాబట్టి కొసలు పట్టడానికి ఇద్దరు కావాలి. మేడం ఒక కొస నాన్నకూ ఒక కొస పెదనాన్నకూ ఇచ్చి, తాను వెళ్ళి బండ మీద కూర్చున్నారు.

"శ్రీశైలం, నీళ్ళు నిలవడ్డయా అడుగు," అన్నాడు నాన్న నాతో.

"ఎవర్ని?"

"గా పైపు పట్టుకున్నాయనను."

"నిలవడి శానసేపాయె. జర కొస దించుమను," అన్నాడు పెదనాన్న.

"దించిన అని చెప్పు."

బండ మీంచి మేడం, "ఇంజినీర్ సాబ్, నీకు రెండు జీతాలియ్యాలె. ఒకటి ఇంజినీరుకు, ఇంకోటి ఫోనుకు," అన్నారు. పెదనాన్నకు నవ్వొచ్చి పైపు కదిలింది. మళ్ళీ మొదటి నుంచి పట్టాల్సి వచ్చింది.

అసలు ఇబ్బంది దున్నే రోజు వచ్చింది. వాలు మీద అడ్డంగా నడపనని ట్రాక్టరాయన వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకా ఎద్దులు ఉంచుకున్న కొద్దిమందిలో పెదనాన్న ఒకడు. ఆయన నాగలి కట్టి, నేను సున్నంతో వేసిన గీత మీద మొదటి సాలు మొదలుపెట్టాడు. ఎద్దులు హుషారుగా హద్దు దాకా వచ్చి ఆగిపోయాయి. అదిలించినా కదలలేదు. ఏళ్ళ తరబడి హద్దు దాటకుండా దాని పక్కనుంచే కిందికి దున్నడం వాటికి అలవాటు. వాటికీ హద్దు తెలుసు. పెదనాన్న చర్నాకోల ఎత్తలేదు. తమ్ముడి చెక్కలోకి తనంతట తానుగా తోలడం ఆయనకూ చేతకావడం లేదని నాకు అర్థమైంది. మేడం పల్లీ వలవడం ఆపేశారు. 

ఆ జతలో వలపటిది, అంటే కుడివైపు కట్టేది, మైలోడు. పంపకాలకు ముందు మా కొట్టంలోనే పుట్టింది. దూడగా ఉన్నప్పుడు నాన్న చేతి కుడితి తాగి పెరిగి, పంపకాల్లో పెదనాన్నకు పోయింది. నాన్న సాలు అవతల, తన చెక్కలో నిలబడి, కాసేపు ఎద్దునే చూశాడు. తర్వాత తువ్వాలు భుజం మీద సర్దుకుని, చెయ్యి చాపి, చాలా మామూలు గొంతుతో పిలిచాడు.

"రా రా మైలోడా. ఇది గూడ మనదే రా."

మైలోడు చెవులు ఆడించింది. ముందుకు అడుగేసింది, రెండోది దాని వెంట నడిచింది. నాన్న వెనక్కి నడుస్తూ పిలుస్తూనే ఉన్నాడు, పెదనాన్న నాగలి మేడి పట్టుకుని వస్తూనే ఉన్నాడు. సాలు అవతలి గట్టు దాకా తెగకుండా పోయింది. అక్కడ ఎద్దులను తిప్పేటప్పుడు పెదనాన్న, "తమ్మీ, కాడి జర పట్టు," అన్నాడు. నాన్న పట్టాడు. మేడం నా వైపు తిరిగి, "నీ ఫోను డ్యూటీ అయిపోయింది పో," అని గుసగుసగా అన్నారు.

మొదటి వాన పడిన మర్నాడు మేమందరం పైకి ఎక్కి చూశాం. ప్రతి సాలులోనూ నీళ్ళు ఎర్రగా నిలిచి, ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించింది. కింద వాగులోకి పోయే నీళ్ళు చాయ్ రంగులో కాక కొంచెం తేటగా ఉన్నాయి. కాంట్రాక్టరుకు పంట తీశాక రమ్మని చెప్పారు. మరుసటేడూ అదే చెప్పారు. తర్వాత అతను రావడం మానేశాడు. ఆ చేలో కందీ జొన్నా చూశాక మా ఊళ్ళో ఇంకో రెండు కుటుంబాలు పైపు అడిగి తీసుకుపోయాయి.

మేడం ఇప్పుడు మానవపాడులో కూతురి దగ్గర ఉంటున్నారు. అది నల్లరేగడి, అద్దంలాంటి చదును. పోయినేడు వెళ్ళినప్పుడు గేటు బయట నీళ్ళు పోసి చూపించారు. నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడ్డాయి. "చూడు, ఎటు పోవాల్నో తెల్వక పరేషాన్ అయితున్నయి. నా లెక్కనే," అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను ఇప్పుడు అమ్రాబాద్ వైపు పనులు చూస్తున్నాను. కొత్తవాళ్ళను ఘాట్ మలుపుల్లో దింపుతాను. ఆ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ వాలు మీదైనా ముందు దోసెడు నీళ్ళు పోస్తాను. రెండు సీసాలు మోసే అలవాటు అలాగే ఉంది.

హద్దు చెట్లు ఇప్పుడు కాస్తున్నాయి. ఆవిడ చెప్పినట్టే నాన్నా పెదనాన్నా కాయల కోసం కొట్లాడుకుంటున్నారు. చెట్టు నీ దిక్కే వంగింది, కాయలు నువ్వే తీసుకొమ్మని ఒకరు, కాదు నీళ్ళు నీ దిక్కే ఎక్కువ తాగింది, నువ్వే తీసుకొమ్మని ఇంకొకరు. పొద్దున మొదలైతే అన్నం వేళకు ఆగుతుంది, అన్నం ఒకేచోట తింటారు కాబట్టి. ఏటా మొదటి కోత మాత్రం మేడంకని ఇద్దరూ కలిసి కోసి నా చేతికిస్తారు. ఆదివారం వనపర్తిలో ఒక బస్సు, గద్వాలలో ఇంకో బస్సు మారి ఈ సంచి మోసుకుపోవాలి. గట్టివి అడుగున, మెత్తవి పైన సర్దుతాను. ఇన్ని వరుసలు చేసుకునే నేను ఒక్క వరుస మాత్రం చేయలేదు: ఏ కాయ ఎవరి దిక్కు కొమ్మదో.