ఆవకాయ పూసిన తువ్వాలు

మొన్న మిల్టన్ నుంచి టొరంటో వైపు వెళ్తుంటే ముందున్న ట్రక్కు చక్రం కిందనుంచి చిన్న రాయి ఎగిరొచ్చి మా కారు అద్దానికి టక్కుమని తగిలింది. అద్దం మీద కందిగింజంత మచ్చ పడింది, అంతే. నేను మాత్రం స్టీరింగు మీదినుంచి చెయ్యి తీసి ఎడమకన్నుకు అడ్డం పెట్టుకున్నాను. వెనక కూర్చున్న మా అమ్మాయి, రెండో తరగతి పిల్ల, "డాడీ, ఇట్స్ జస్ట్ ఎ స్టోన్" అని నాకే ధైర్యం చెప్పింది. రాయంటే ఏమిటో మా బావనడగాలి.

మనవాళ్ళు గుంపులు గుంపులుగా కెనడా కాలేజీలకు వచ్చిపడిన రోజులవి. కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో ఒక బేస్‌మెంటులో ఆరుగురం ఉండేవాళ్ళం. మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద, వాడూ నేనూ ఒకే కాలేజీ, ఒకే కాఫీ షాపు; ఉన్న ఒక్క మంచి జాకెట్టునూ షిఫ్టుల వారీగా తొడుక్కునేవాళ్ళం. బావకు ఫోటోల పిచ్చి. చదువయ్యాక ఫోటోలే వృత్తి చేసుకుంటానని మా అత్తతో పోట్లాడి మరీ ఒప్పించాడు. డిసెంబరు సెలవుల్లో దక్షిణ అమెరికా పోదామని వాణ్ణి వెంటపడి లాక్కెళ్ళింది మాత్రం నేనే.

చిలీ ఎడారిలో గడ్డిపరకైనా మొలవని ఎర్రకొండల మధ్య నాలుగు రోజులు తిరిగి, బొలీవియా ఎత్తులకు ఎక్కేసరికి గాలి పలచబడి నాకు తలనొప్పీ, బావకు ముక్కులోంచి రక్తమూ మొదలయ్యాయి. అయినా వాడు ఒక చేత్తో ముక్కు పట్టుకుని, కెమెరాను ఎడమకంటికి ఆనించి, కనుచూపుమేర తెల్లగా పరుచుకున్న ఉప్పుమైదానాన్ని తీస్తూనే ఉన్నాడు. అంత సంతోషంగా వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

తిరుగు ఫ్లైటు మర్నాడనగా, నగరానికి వెళ్ళే మా బస్సు దారిలో ఆగిపోయింది. గని కార్మికుల సమ్మె అట. రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, కాలుతున్న టైర్లు. అప్పుడప్పుడూ డైనమైటు పేలుతుంటే బస్సు అద్దాలు అదిరేవి. మా పక్క సీటు ముసలమ్మ కదలొద్దని సైగ చేసి, ఉడికించిన బంగాళాదుంపలు రెండు మా చేతిలో పెట్టింది. వింటే నేనెందుకవుతాను. బంద్‌ల గురించి నాకొకరు చెప్పాలా, డిగ్రీ రోజుల్లో రోడ్డు మీద నిలబడి ఎన్ని బళ్ళు ఆపానో. పేషెంటుంటే వదిలేస్తారు, ఎక్కడైనా ఇంతే అనుకున్నాను. బావ సంచిలోంచి ఆవకాయ సీసా తీసి, తెల్ల తువ్వాలుకు ఎర్రటి ఊట పూసి వాడి తలకు చుట్టి, ఒక టాక్సీ మాట్లాడి బయల్దేరదీశాను. బావ దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

అడ్డం దగ్గర హెల్మెట్టు పెట్టుకున్న ఒకడు కిటికీలోకి వంగాడు, వాసన చూశాడు, తువ్వాలు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మేశాడు. ఆ తర్వాత నన్ను కాలరు పట్టి బయటికి లాగి పిడిగుద్దులు గుద్దారు, కింద పడేసి డొక్కల్లో తన్నారు, ఇనపకడ్డీలతో టాక్సీ లైట్లు పగలగొట్టారు. ఏ పాపమూ ఎరగని డ్రైవరుకు పెదవి చిట్లింది. అతనే నన్ను లోపలికి నెట్టి బండి వెనక్కి తిప్పాడు. జొన్నచేలో పిట్టల్ని తోలే మన వడిసెల లాంటిదే, వాళ్ళ దగ్గరా ఉంది. అందులోంచి వచ్చిన రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని బావ ఎడమకంట్లో పడింది. నేను కంగారులో తలకున్న ఆ తువ్వాలునే తీసి కంటికి అదిమాను. కారం. వాడు పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఆసుపత్రి ఆ అడ్డానికి అవతలే ఉంది. మళ్ళీ అక్కడికే వెళ్ళాం. ఎర్ర తువ్వాలు చూసి వాళ్ళు పగలబడి నవ్వారు. హెల్మెట్టువాడు ముక్కు మూసుకున్నాడు. నేను మోకాళ్ళ మీద పడి ఏడ్చాను, అదీ నాటకమే అనుకున్నారు. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి బస్సులోని ముసలమ్మ నడిచొచ్చి, బావ చెయ్యి పక్కకు తీసి చూసి, హెల్మెట్టువాడి చెంప మీద ఒక్కటిచ్చింది. అప్పుడు వాళ్ళే పరుగెత్తి బండలు తీశారు. కన్ను దక్కలేదు.

మర్నాడు కట్టుతో పడుకున్న బావ నన్ను చూసి, "ఒరేయ్ బామ్మర్దీ, ఆవకాయలో ఉప్పు తక్కువైందిరా" అన్నాడు. అంతకుమించి ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు కాల్గరీలో ఆయిల్ ఆఫీసులో లెక్కలు చూసుకుంటున్నాడు. కెమెరా మా ఇంట్లోనే ఉంది. వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఇక్కడ అంబులెన్సు మోత వినబడితే అందరం బళ్ళు పక్కకు తీస్తాం, లోపలున్నది నిజం పేషెంటేనా అని ఎవరూ అడగరు. మా రోజుల్లో నేను అడిగేవాణ్ణి. ఒక బంద్ రోజున తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషితో ఆటో ఒకటి వచ్చింది. "ఈ వేషాలు మా దగ్గర కాదు" అని నేనే వెనక్కి పంపాను, స్నేహితులు చప్పట్లు కొట్టారు. ఆటో తిరిగి వెళ్ళిపోయింది. ఆ తువ్వాలు కింద ఏముందో నేను చూడలేదు.