రొయ్యలు పట్టిన నీళ్ల సీసా

ఈరోజు నూనె ఒంపడానికి పాత నీళ్ల సీసా మెడ కోసి గరాటు చేస్తుంటే బోధన్ దగ్గర మా చెరకు తోట పక్క కాలువ గుర్తొచ్చింది. మీలో ఎవరైనా ఇలాంటి సీసాలతో రొయ్యలు పట్టారా?

చిన్నప్పుడు సెలవుల్లో పిల్లలమంతా కోసిన మెడను తిరగేసి సీసాలోనే దూర్చి, కాల్చిన మేకుతో చిల్లులు పెట్టి, లోపల తవుడు ముద్ద వేసేవాళ్లం. దూరిన రొయ్యకు మళ్లీ దారి దొరకదు. నా మొదటి సీసా మాత్రం తేలుతూ కొట్టుకుపోయింది.

"కాన్వెంట్ పిల్లకు సీసల రాయి ఎయ్యాలెనని గూడ ఎరుక లేదు!" పెదనాన్న కొడుకు శీనన్న పడీపడీ నవ్వాడు. "రేపు గూడ గిట్లనే అయితే మా ఎంబడి రాకు."

మర్నాడు రాయి వేశాను. అందరూ సీసా మూతిని నీళ్లు వచ్చే వైపు పెట్టారు. ఎవరితోనూ మాట్లాడక ఒడ్డున కూర్చునే నేను, రొయ్యలు నీటికి ఎదురెక్కడం చూశాను. అందుకే నా సీసా మూతిని నీళ్లు పోయే వైపు తిప్పాను.

సాయంత్రం శీనన్న సీసాలో నాచు. నా సీసాలో చిటపటలాడుతూ రొయ్యలు!

"చెల్లే, మూతి ఏ దిక్కు పెట్టినవే?"

వేలితో చూపించాను, అంతే. మర్నాడు కాలువకు వాళ్లే నా వెంట వచ్చారు.