మైనంలో అమ్మ కేక

మాలకీ టియర్నీ అమెరికాలోని న్యూఆర్క్‌లో గొంతును పట్టి మళ్ళీ వినిపించే మైనపు గొట్టాలకు పాటలు పాడి బతికేవాడు. ఒక గొట్టంలోని పాటను ఇంకోదానికి ఎక్కించే మంచి ఉపాయం అప్పటికి లేదు. గొంతును మైనం మీదికి పంపే బాకాలు వరసగా పెడితే, వాటి ముందు నిలబడి ఒకే పాటను సాయంత్రం దాకా పాడవలసిందే. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది బట్టలుతికే ఐరిష్ తాగుబోతుదాని పాట. ఆమె కిటికీలోంచి మొగుణ్ణి తిండికి పిలిచే కేక వస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఆ కేక మాలకీ కల్పించింది కాదు. ఐర్లండ్ నుంచొచ్చి ఊళ్ళోవాళ్ళ బట్టలుతికి అతణ్ణి పెంచిన తల్లి హనోరా, మూడో అంతస్తు కిటికీలోంచి అతణ్ణి పిలిచే కేక. చివర గొంతు విరిగి పైకి లేస్తుంది. మహానుభావుడు దానికో త్రేన్పు తగిలించాడు. ఇంట్లో మాత్రం భక్తి పాటలు పాడుతున్నానని చెప్పాడు.

ఒక ఆదివారం చర్చి వదిలాక పక్కింటి డీలియా ఊరుకోలేదు. "నీ కొడుకు గొంతు బజార్లో మిషన్లో వస్తోందటే హనోరా. రా, విందాం."

"ఇవాళ జనం ఎక్కువ, ఇంకోరోజు వెళ్దాంలే అమ్మా," అని మాలకీ గొణిగాడు.

"నువ్వూరుకోరా. మేం వినడానికి నీ సెలవు కావాలా?" అంది డీలియా.

మిషన్లో నాణెం వేసి హనోరా దానికి వేలాడే రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుంది. పాట ఆమెకొక్కదానికే వినబడుతుంది. కానీ రోజూ పాడేవాడికి ఏ మాట ఎప్పుడొస్తుందో తెలుసు. పాటకు ముందు పాడేవాడి పేరు చెబుతారు. ఆమె మొహం వెలిగింది. కేక వచ్చే చోటికి మాలకీ తల దించుకున్నాడు. తల ఎత్తేసరికి ఆమె గొట్టాలు తీసి శాలువా అంచుతో తుడుస్తోంది.

"ఎలా ఉందే?" అంటూ డీలియా చెయ్యి చాచింది.

"గొంతు బాగుంది. ప్రతి మాటా తెలుస్తోంది." హనోరా గొట్టాలు ఆమెకివ్వకుండా కొక్కేనికి తగిలించేసింది. "పదండి, పొయ్యి మీద దుంపలున్నాయి."

దారిలో అమ్మ తిట్టినా బాగుండేదనిపించింది మాలకీకి. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు కేక లేకుండా పాడాడు. యజమాని ఆ మైనపు గొట్టాలన్నిటి పైపొర చెక్కించి పాట చెరిపేశాడు. "అరుపు లేకపోతే ఎవడిక్కావాలయ్యా ఇది? చెయ్యనంటే చెప్పు, బయట ఇంకోడున్నాడు." మాలకీ చేశాడు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు, త్రేన్పుతో సహా.

పైకి వెళ్ళడానికి మొహం చెల్లక ఇంటి మెట్ల మీదే కూర్చున్నాడు. రోజూ ఆ వేళకు కిటికీ తెరుచుకుని కేక వినబడేది. ఇవాళ తెరుచుకోలేదు. కాసేపటికి హనోరా నొప్పెట్టే మోకాళ్ళతో అన్ని మెట్లూ దిగి వచ్చి అతని భుజం తట్టింది.

"సూప్ చల్లారిపోతోంది, నాయనా," అంది, పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా.