దిబ్బ మీద బడి

జువ్వలదిన్నె వైపు పోయే బస్సులో నేను గీసిన ప్లాను ఒళ్లో పరుచుకుని చూసుకుంటున్నాను. ఏటవాలు దిబ్బ మీద మునిసిపాలిటీకి చెత్త షెడ్డు అది. లారీలు మెరక నుంచి వచ్చి కుమ్మరించేలా పెట్టి, పల్లం ఉన్న తూర్పు వైపు గోడ లేకుండా వదిలేశాను.

పక్కన వల మూటతో కూర్చున్న పెద్దాయన వంగి, కాగితం మీది ఊరి పేరు కూడబలుక్కుని చదివాడు. ఈయన్ని ఎవరు పంపారో అనుకున్నాను. చెత్త అన్న మాట వింటే చాలు, ఊళ్లు రోడ్డెక్కుతాయి.

"ఇది మా ఊరి దిబ్బ గదా సార్? ఏం కడతా ఉండారు?"

"బడి," అన్నాను, కాగితం మడుస్తూ.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత మడత విప్పి తూర్పు వైపు వేలు పెట్టాడు.

"ఈ పక్క గోడ లేదే? తుపాను వాన ఇట్నించే గదా కొడతాది. పిల్లోళ్లు తడిసిపోతారు సార్."

తడిసేది చెత్త. ఆ నీళ్లు దిగేది పల్లంలో ఉన్న వాళ్ల బావుల్లోకి.

దిగబోతూ వెనక్కి తిరిగాడు. "మా మనవరాలికి నాలుగేళ్లు. ఆ బళ్లో చేర్చుకుంటారా సార్?"

తల ఊపాను.

మర్నాడే తూర్పున గోడ గీశాను. షెడ్డు లేచి చాన్నాళ్లయింది. అటు ఎప్పుడు పోయినా కారులోనే పోతాను. ఆ బస్సు మళ్లీ ఎక్కలేదు.