ఓదెలు బావ కన్ను, అంజవ్వక్క ముఖం

ఓదెలు బావ ఇరవై ఏళ్లు తాటిచెట్లు ఎక్కాడు. తాటిమట్టల అంచులు రంపం పళ్లలా ఉంటాయి. చేతుల మీద, వీపు మీద గీతలు పడ్డాయి కానీ ఇన్నేళ్లలో కంటికి ఏమీ కాలేదు. మోకాళ్లు మొరాయించాక, చెట్టెక్కే మోకును గోడకు తగిలించి, రాయికల్ నుంచి జగిత్యాలకు ఆటో నడపడం మొదలుపెట్టాడు. ఆటో నేల మీద నడుస్తుంది కాబట్టి ఇక ప్రమాదం లేదని ఇంటిల్లిపాదీ సంతోషించారు. అప్పుడు ఒక పెళ్లికార్డు ఆయన కంట్లో పొడుచుకుంది.

కార్డు ఇచ్చింది మా ఊరి చంద్రమౌళి. కూతురి పెళ్లి. కార్డు అట్టముక్కంత మందంగా, అంచులకు బంగారు రంగుతో ఉంది. ఆటోలో కూర్చున్న బావకు పక్క నుంచి చేయి చాచి అందించాడు. సరిగ్గా అదే క్షణంలో బావ అటు తల తిప్పాడు. కార్డు మూల కుడికన్ను నల్లగుడ్డును గీసుకుంటూ పోయింది. మూడు రోజులు ఒంటికన్నుతో తిరిగి, నాలుగో రోజు పెళ్లికి వెళ్లి కడుపునిండా తిని వచ్చాడు. కన్ను మానిందన్నాడు. కార్డు ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది. దానికేమీ కాలేదు.

నేను వాళ్ల పక్కింటివాణ్ని. పేరు హన్మంతు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ఉంది. మా మధ్య చుట్టరికం లేదు, వరసలున్నాయి. ఆయన నాకు బావ, ఆయన భార్య అంజవ్వ నాకు అక్క. వరసకే అక్క, కానీ మా ఆవిడ పుట్టింటికి పోయిన ప్రతిసారీ గోడ మీదుగా నాకు కూరగిన్నె అందించే అక్క. ఈ సంగతి ముందే చెబుతున్నాను. ముందు ముందు నా మాటల్లో కోపం కనబడితే అది ఎందుకో తెలిసి ఉండటం మంచిది.

చంద్రమౌళి కూతురి పెళ్లయిన నెలకు ఒక పొద్దున, వాకిట్లో మంచం మీద బావ నిద్రలేచి కళ్లు తెరిచాడు. తెరవగానే "సచ్చిన్రో!" అని కేక పెట్టాడు. కంట్లో బ్లేడు పెట్టి కోసినట్టు ఉందన్నాడు. కుడికంట్లోంచి నీళ్లు ధారగా కారాయి. ఆ సమయానికి నేను గోడకు ఇవతల నిలబడి పళ్లు తోముకుంటున్నాను. అంతకు మించి నేను ఏమీ చేయలేదు.

మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది. తగ్గాక ఆయన ఆలోచించాడు. మా దగ్గర పొద్దున లేవగానే ఎవరి ముఖం చూశామన్నది చిన్న విషయం కాదు. పాలు విరిగినా, బస్సు తప్పిపోయినా అడిగే మొదటి ప్రశ్న అదే.

"పొద్దుగాల లేశి హన్మంతుగాని మొఖం జూశిన. గందుకే గిట్లయింది," అని ఆటోస్టాండులో చెప్పాడు. ఆటోస్టాండులో చెబితే రాయికల్‌కు చెప్పినట్టే. మర్నాడు పొద్దున నేను ఎదురుపడగానే పెంటయ్య తాత గిరుక్కున తిరిగి పక్క గల్లీలో దూరాడు. ఆయన పోతున్నది ఏ పెద్ద పని మీదో కాదు, గడ్డం గీయించుకోవడానికి.

నొప్పి మళ్లీ వచ్చింది. ఒకసారి పాలు పోసే నీల ముఖం చూసినప్పుడు, ఒకసారి ఎదురింటి మేక ముఖం చూసినప్పుడు. మేక తప్ప అందరం నొచ్చుకున్నాం.

నిద్రంటేనే బావకు భయం పట్టుకుంది. నిద్రపోతే లేవాలి, లేస్తే కళ్లు తెరవాలి కదా. అందుకని పడుకోవడం తగ్గించి, పగలు స్టాండులో స్టీరింగు మీద తల పెట్టి కునుకు తీసేవాడు. ఎవరైనా వచ్చి లేపితే కళ్లు మూసుకొనే "ఎవల్రా?" అని అడిగేవాడు. పేరు నచ్చితే కళ్లు తెరిచేవాడు, నచ్చకపోతే వేరే ఆటో చూసుకోమనేవాడు. బేరాలు పడిపోయాయి.

చివరికి బయటి ముఖాలు కనబడకుండా మంచాన్ని ఇంట్లోకి మార్చి, ఫ్యాను ముఖం మీదికి తిప్పుకొని పడుకున్నాడు. కూతురు పెళ్లి చేసుకొని సిరిసిల్లలో ఉంటుంది. ఇంట్లో ఉన్నది అంజవ్వక్క ఒక్కతే. ఇంట్లో ఒకే ముఖం ఉన్నప్పుడు, నొప్పి వచ్చిన ప్రతిసారీ కనబడేది ఆ ముఖమే. నొప్పి లేని రోజు కూడా అదే ముఖం కనబడుతుంది, కానీ దాన్ని ఎవరు పట్టించుకుంటారు? బావ పట్టించుకోలేదు.

ఒకరోజు కొండగట్టు అంజన్న పటం తెచ్చి కాళ్ల వైపు గోడకు కొట్టాడు. లేవగానే ఆ పటాన్నే చూసేవాడు. వారం పది రోజులు కన్ను బాగానే ఉంది. ఆ తర్వాత ఒక పొద్దున మళ్లీ కేక వినబడింది. ఇప్పుడు చిక్కొచ్చింది. అంజన్నను ఏమీ అనడానికి లేదు.

"నువ్వు చాయ్ వట్టుకొని అడ్డమొచ్చినవ్. దేవుని కన్న ముందుగాల నీ మొఖమే వడ్డది నా కంట్ల," అన్నాడు అక్కతో.

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పొద్దున పూట ముఖం మీదికి కొంగు లాక్కొని పని చేసుకోవడం మొదలుపెట్టింది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు కూడా అలా లాక్కోలేదట. తను అలికి, ఊడ్చి, ముగ్గు పెట్టిన ఇంట్లోనే ముఖం దాచుకొని గోడవారగా నడిచేది. అది గోడ మీదుగా చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"బావా, ముప్పై ఏండ్ల సంది జూస్తున్నవ్ గదా అక్క మొఖం. గప్పుడు నొయ్యలేదా?" అని అడిగాను.

"గప్పుడు నొయ్యలే."

"మరి ఇప్పుడు మొఖం మారిందా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఏమో. మారిందేమో," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మధ్యాహ్నం అక్క సంచీతో గడప దాటింది. "నా మొఖం నేను దీస్కపోతున్న. నీ కన్ను సల్లగుండనీ," అని బావతో చెప్పి, కూతురి దగ్గరికి సిరిసిల్ల బస్సెక్కింది. ఎప్పుడొస్తావని నేను అడిగితే, "ఎందుకు తమ్మీ, గీ మొఖానికి ఈడ ఏం పని?" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లు బావ కన్ను నిజంగానే బాగుంది. చూశారా అన్నట్టు ఊరంతా తిరిగాడు. ఇక అక్క రాదేమోనని నాకు భయం వేసింది.

ఒక పొద్దున గోడ అవతల నుంచి కేక వినబడింది. పరుగెత్తాను. తలుపుకు లోపల గొళ్లెం. కిటికీలు మూసి ఉన్నాయి. బావ తడుముకుంటూ వచ్చి తలుపు తీశాడు. గదిలో అద్దం మీద తువ్వాల కప్పి ఉంది. అంజన్న పటం గోడ వైపుకు తిరిగి ఉంది.

"ఎవల మొఖం జూశినవ్?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎవలదీ లేదు," అన్నాడు. ఆ గొంతు విన్నాక రెండో ప్రశ్న అడగబుద్ధి కాలేదు. ఆయన ఆటోలోనే ఆయన్ను వెనక కూర్చోబెట్టి నేను నడిపాను.

జగిత్యాలలో కంటి డాక్టరమ్మ నవత, బావ కంట్లో పసుప్పచ్చ చుక్క వేసి, నీలం దీపంతో చూసింది. "ఎప్పుడన్న గోరు గీసుకపోయిందా, ఆకు తాకిందా?" అని అడిగింది.

"పెండ్లికార్డు," అన్నాడు బావ.

ఆమె నవ్వలేదు. "దెబ్బ మానింది గానీ కొత్త పొర కింద గట్టిగ అతుకలేదు. నిద్రల కన్ను ఎండితే పొర రెప్పకు అంటుకుంటది. లేవంగనే రెప్ప తెరిస్తే పొర లేశొస్తది. గదే మీ నొప్పి. ఫ్యాను గాలి మొఖానికి తగుల్తదా?"

"ఐదు మీద పెడ్త."

ఫ్యాను పక్కకు తిప్పమంది. రాత్రికి కంట్లో పెట్టుకునే మలాం రాసిచ్చింది. పొద్దున మాత్రం మెలకువ రాగానే కళ్లు తెరవొద్దని, ముక్కు పక్కన కంటి మూలలో చుక్కలు వేస్తే అవే లోపలికి ఇంకుతాయని, కాసేపు ఆగి మెల్లగా తెరవాలని చెప్పింది. నెలలు పడుతుందట. మందు వాడుతున్నా మధ్యలో ఒకటి రెండుసార్లు నొప్పి రావచ్చట.

"మేడం, మరి లేవంగనే ఎవల మొఖం జూడాలె?" అన్నాడు బావ.

"ఎవలదీ వద్దు. కండ్లు మూస్కొనే ఉండాలె."

"తర్వాత?"

"తర్వాత మీ ఇష్టం. ఇంట్ల చుక్కలు వేసెటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

బావ నా వైపు చూశాడు. నేను గోడ మీది బొమ్మ వైపు చూశాను.

రెండు పొద్దులు తనే వేసుకొన్నాడు. చుక్కలు ముక్కులో, చెవిలో, దిండు మీద పడ్డాయి. ఆ దిండుకు ఇక కంటిజబ్బు రాదు. మూడో రోజు చొక్కా తొడుక్కొని వచ్చి, "సిరిసిల్ల పోదాం పా," అన్నాడు.

కూతురు కల్పన ఇల్లు మరమగ్గాల గల్లీలో ఉంది. అక్కడ పక్కమనిషితో మాట్లాడాలన్నా అరవాలి. అక్క కుట్టుమిషను ముందు కూర్చొని తల ఎత్తలేదు. బావ ఎదురుగా నిలబడి పొర గురించి, రెప్ప గురించి, ఫ్యాను గురించి అరిచి చెప్పాడు.

"గదంత నాకెందుకు?" అని అక్క కూడా అరిచింది.

"నీ మొఖం గాదట!"

"ఏంది?"

"నీ మొఖంది ఏం లేదట! తప్పు నాదే!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. 'తప్పు నాదే' అన్న మాట గల్లీ చివరిదాకా వెళ్లింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

"డాక్టరమ్మ జెప్పకుంటె?" అంది అక్క. ఇప్పుడు అరవాల్సిన పని లేదు.

అక్క లేచి లోపలికి పోయింది. రాత్రి కల్పనే అన్నం పెట్టింది, కల్పనే మలాం రాసింది. అక్క ముందు గదిలోకి రాలేదు. రేపు మేమిద్దరమే తిరిగిపోతామని నేను తీర్మానించుకున్నాను.

తెల్లారింది. ముందు గదిలో చాప మీద బావకు మెలకువ వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకొనే ఉన్నాడు. "ఏమే," అన్నాడు. మళ్లీ "ఏమే," అన్నాడు. తర్వాత "అంజవ్వా," అన్నాడు. ఆయన నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

కల్పన మందుసీసా అందుకుంది. అక్క వంటింట్లోంచి వచ్చి, చేతులు కడుక్కొని, ఆ సీసా తీసుకొని ఆయన కంటి మూలలో చుక్కలు వేసింది.

"తెరువాల్నా?" అన్నాడు బావ.

"ఆగు."

అక్క వాకిలి ఊడ్చింది. నీళ్లు చల్లింది. చాయ్ వడబోసింది.

"తెరువాల్నా?"

"ఆగుమన్న గద."

చాయ్ మొత్తం నింపాదిగా తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు పీట తెచ్చి ఆయనకు ఎదురుగా వేసుకొని, కొంగు తీసి భుజం వెనక్కి వేసి కూర్చుంది. "ఇగ తెరువు," అంది.

బావ మెల్లగా తెరిచాడు. ఇన్ని నెలలుగా చూస్తున్నాను, ఆ నొప్పి వచ్చినప్పుడు ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. కుడిచెంప పైకి గుంజుకుంటుంది, నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. చెంప గుంజుకుంది. నీళ్లు దిగాయి. ఇక కేక పెడతాడు, గల్లీ అంతా వింటుంది, అక్క పీట తీసుకొని లోపలికి పోతుంది అనుకున్నాను.

బావ అక్క ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.

"నొస్తుందా?" అంది అక్క.

"లేదు," అన్నాడు. కంటినీళ్లు గడ్డం మీది నుంచి జారి బనీను తడుపుతున్నాయి. "అస్సలు నొస్తలేదు."

అక్క కొంగుతో ఆయన చెంప తుడిచి, "బిడ్డా, రాయికల్ బస్సు ఎన్నిటికున్నది?" అని కల్పనను అడిగింది.