పెర్సిస్ ఆపి ఉంచిన పని

పొద్దున్న తొమ్మిదింటికి మా ఆఫీసు తలుపు తీయగానే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే, పెర్సిస్ ఒక పొడుగాటి నంబరు కొట్టి "అయిందా?" అని కంప్యూటర్ని అడుగుతుంది. "అవలేదు, ఆపి ఉంది" అని జవాబొస్తుంది. ఆ తర్వాతే బ్యాగులోంచి టిఫిన్ డబ్బా బయటకు తీస్తుంది. పధ్నాలుగు నెలలుగా పక్క కుర్చీలోంచి ఇది చూస్తూ మొదట వెక్కిరించాను, తర్వాత విసుక్కున్నాను, చివరికి భయపడ్డాను.

తాడేపల్లిగూడెంలో మాది చిన్న ఆఫీసు. ఒక కంపెనీ క్లౌడ్‌లో ఉన్న ఫైళ్లను ఇంకో కంపెనీ క్లౌడ్‌కి తరలిస్తాం. ఏపీఐ ద్వారా, అంటే మా ప్రోగ్రాం నుంచి నేరుగా, ఆదేశం పంపితే ఒక నంబరు తిరిగొస్తుంది. తరలింపు రోజుల తరబడి సాగుతుంది కాబట్టి, ఎంతవరకు వచ్చిందో అడగాలన్నా, ఆపాలన్నా, మళ్లీ నడపాలన్నా, రద్దు చేయాలన్నా ఆ నంబరే ఆధారం. పెర్సిస్ ఈ పనిలో దిట్ట. చాదస్తం మాత్రం ఒకటుంది. శనివారం సాయంత్రం తన తరలింపులన్నీ ఆపేసి గానీ ఇంటికెళ్లదు. వాళ్ల నాన్న ఏలీయా కొల్లేట్లో చేపలు పట్టే రోజుల్లో ఆదివారం వల ముట్టేవాడు కాదట. "నేను చర్చిలో కూర్చుంటే నా పని ఇక్కడ నడుస్తుండటం ఏం బాగుంటుందండీ?" అనేది. కంప్యూటర్‌కి కూడా బాప్తిస్మం ఇప్పించేశావా అని ఏడిపించేవాణ్ని.

నిరుడు ఏలూరులో వీడియో స్టూడియో నడిపే పాండురంగారావుగారు తన పాత వీడియోలన్నీ మాకు అప్పగించారు. వాననీళ్లు షాపులోకొచ్చి హార్డ్‌డిస్కులు పాడైపోగా ఆయనకు క్లౌడ్‌లో ఉన్న కాపీ ఒక్కటే మిగిలింది. ఆ క్లౌడ్ సేవ కాస్తా సోమవారం సాయంత్రం ఆరింటికి శాశ్వతంగా మూతపడుతోంది. శనివారానికి ఇంకా ఆరు గంటల పని ఉంది. సోమవారం పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి తేలిపోతుందనుకుని, అలవాటు చొప్పున పెర్సిస్ దాన్ని ఆపేసింది.

సోమవారం ఏడింటికే వచ్చి నడిపించింది. కానీ తరలింపు ఆగిన చోటునుంచి మొదలవలేదు. అప్పటికే చేరిన లక్షల ఫైళ్లను మొదటినుంచి ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చింది. చిన్న పనుల్లో ఇది నిమిషాల్లో అయిపోయేది, అందుకే ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. సాయంత్రం ఐదున్నరకు గానీ కొత్త ఫైలు మొదలవలేదు. ఆరింటికి అవతల మూసేశారు. పని విఫలమైందని తెర మీద పడకముందే పెర్సిస్ గబగబా దాన్ని మళ్లీ ఆపేసింది. ఆపిన పని, ఎవరైనా రద్దు చేసేదాకా ఆగినట్టే చూపిస్తుంది.

రాకుండా పోయినవాటిలో మండవల్లి చర్చిలో తీసిన క్రిస్మస్ వీడియో ఒకటుంది. అందులో శాలిని అనే పంతొమ్మిదేళ్ల పిల్ల పాడింది. పాడిన రెండు నెలలకే జ్వరంతో పోయింది. వాళ్లమ్మ వరమ్మ చేపల చెరువుల దగ్గర ఐసు పెట్టెలు సర్దే పనికి వెళ్తుంది. కూతురి గొంతు ఆమెకు ఇంకెక్కడా లేదు. స్టూడియోవాళ్లు ఆమెకు మా ఆఫీసు ఫోను నంబరిచ్చారు. ఆమె చేసినప్పుడల్లా పెర్సిస్ "ఇంకా అవలేదండి, మధ్యలో ఆగిందండి" అనేది. మాటవరకే చూస్తే అబద్ధం కాదు. రద్దు చేసి పారెయ్యమని నేను అరిస్తే, "ఆ పిల్లని నేను చంపినట్టవుతుందండి" అంది. ఒక్కోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏమీ మోగకపోయినా, చెవి ఒగ్గి కూర్చునేది. నాకు భయం పట్టుకుంది అప్పుడే.

మొన్న గురువారం వరమ్మ బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక మెమరీ కార్డు తీసి, "ఎంతవరకు వస్తే అంతే వెయ్యమ్మా" అంది.

పెర్సిస్ లేచి నిలబడి, దాచకుండా అంతా చెప్పేసింది. "ఆదివారమని ఆపకపోతే వచ్చేసేదండి. నేనే ఆపాను. ఇంక రాదండి."

వరమ్మ మెమరీ కార్డు మళ్లీ కొంగున ముడేసుకుంది. "ఆదివారమా?" అంది. "మా పిల్ల పోయిందీ ఆదివారమేనమ్మా. ఒళ్లు కాలిపోతుంది, ఆస్పత్రికి తీసుకెళ్లమంది. ప్రార్థన అయ్యాక వెళ్దాంలే అని, మంచినీళ్లు పక్కనెట్టి వెళ్లాను. వచ్చేసరికి లేదమ్మా."

పెర్సిస్ ఏడుస్తూనే రద్దు ఆదేశం టైపు చేసింది. "తీసేస్తానండి. మిమ్మల్ని ఇంకా మభ్యపెట్టలేనండి."

వరమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దమ్మా. ఉండనియ్. అయిపోయిందన్న మాట ఒకసారి విన్నాను. మళ్లీ వినలేను."

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఆఫీసు ఫోను మోగుతుంది. "అడిగావా అమ్మా?" అంటుంది వరమ్మ. పెర్సిస్ నంబరు కొడుతుంది. "అడిగానండి. ఇంకా అవలేదండి." "సరేనమ్మా" అని ఆమె పనిలోకి వెళ్తుంది.

నిన్న పెర్సిస్ సెలవు పెట్టింది. ఫోను నేనెత్తాను. రాదని నాకు తెలుసు, అడిగే మనిషికీ తెలుసు. అయినా నంబరు కొట్టి, జవాబొచ్చేదాకా ఊపిరి బిగబట్టాను.